అత్తయ్య కుర్చీలో సబ్‌వూఫర్

హలో… ఆ, నేనే… నేనేరా బామ్మర్దీ, మీ బావని. గొంతు మారిందా? ఆయాసంరా… రెండంతస్తులు మెట్లెక్కించా దాన్ని, ఒక్కణ్ణే…

దాన్ని అంటే— స్పీకరు పెట్టెని. సబ్‌వూఫర్ని. కొనేశా!

…

ఆ, ఆ తొమ్మిది మిస్డ్ కాల్సూ నావే. ఎవరికీ ఏం కాలేదు… కాలేదంటున్నాగా! మీ అమ్మ బాగుంది, మీ నాన్న బాగున్నారు, మీ అక్క డ్యూటీలో ఉంది. నేను మాత్రం మీ అమ్మావాళ్ల హాల్లో నేల మీద వెల్లకిలా పడున్నా… ఆనందంతోరా. నడుం కూడా పట్టేసిందనుకో, అది వేరే సంగతి.

నువ్వెక్కడున్నావ్ ముందు?… సినిమా హాల్లో… నిచ్చెన మీదా? దిగు. దిగు నాయనా, దిగి మాట్లాడు. ఊళ్లో ఉన్న హాళ్లన్నిటికీ స్పీకర్లు బిగిస్తావు, కన్నతండ్రి ఇంట్లో చూస్తే అరచెయ్యంతవి రెండు… తెలుసులే, ఆయనే వద్దన్నారు. వద్దంటే ఊరుకునే రకమా నువ్వు? నా బండి వద్దంటే ఎన్నిసార్లు పట్టుకుపోలేదూ?

దిగావా? ఇప్పుడు విను. టైము నాలుగూ ఇరవై. ఐదింటికి సంగీతం స్కూలు మాస్టారొస్తాడు…

ఎందుకేంటి, మీ నాన్న బేస్ గిటారు తీసుకుపోవడానికి.

…

అమ్మడం కాదు. ఊరికే ఇచ్చేస్తున్నారు… నీకెవరూ చెప్పలేదా? ఓరి నాయనో… నువ్వు వాళ్ల పెళ్లిరోజుకి రాలేదు కదూ. సినిమా హాల్లో స్పీకరు కాలిపోయిందని పోయావు.

సరే, చెప్తా. భోజనాలయ్యాక అందరం కూర్చున్నాం. ఎవరో ఆ పడవ పాట పెట్టారు. అదే, మీ నాన్న స్టూడియోలో వాయించేటప్పటి రికార్డింగు… ఆ, నలభై ఏళ్ల కిందటిది. మీ నాన్న చెయ్యి పైకెత్తి, 'ఇదిగో… ఇదిగో ఇదే నేను' అన్నారు. ఎప్పుడూ అనేదేగా. దానికి మీ అమ్మ, చేతిలో కాఫీల ట్రేతో అక్కడే నిలబడి— 'పాడేవాడు వినబడుతున్నాడు. ఫ్లూటు వినబడుతోంది. వయొలిన్లు వినబడుతున్నాయి. పెళ్లైనప్పట్నుంచీ చెవులు రిక్కించి వింటున్నా, మీరొక్కరే ఎక్కడా వినబడరు' అంది.

ఇంకేముంది, అందరూ గొల్లున నవ్వారు.

…

నేనా? నేనూ నవ్వాను. అదేరా నా బాధంతా. పగలబడి నవ్వాను. సరిగ్గా అప్పుడే మీ నాన్న నా వైపు చూశారు… సిగ్గేసిందిరా. ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఆ రోజు నుంచి మాటల్లేవు ఇద్దరికీ… పది రోజులు! నేను కింద కళ్లద్దాల షాపు కట్టేసి మధ్యాహ్నం భోజనానికి పైకొస్తానా, 'అల్లుడూ, మీ అత్తయ్యని ఉప్పు ఇటివ్వమను' అంటారు. ఉప్పు ఆయన మోచేతి పక్కనే ఉంటుంది. ఆవిడేమో, 'బాబూ, మీ మావయ్యకి అద్దాలు మార్చు, ఎదురుగా ఉన్న ఉప్పు కనబడట్లేదు' అంటుంది. మధ్యలో నేను పోస్టుమాన్ని.

నవ్వకు. నవ్వే కదా కొంప ముంచింది.

ఇవాళ భోజనానికి వచ్చి చూద్దును కదా, గిటారు సంచిలో పెట్టి, జిప్పు లాగేసి, గుమ్మం పక్కన నిలబెట్టారు. 'ఇంట్లోనే వినబడని వాయిద్యం నాకెందుకు అల్లుడూ, నేర్చుకునే పిల్లలకైనా పనికొస్తుంది' అన్నారు. నవ్వుతూనే అన్నారు… నాకు మాత్రం ముద్ద దిగలేదు. నువ్వు చెప్పింది గుర్తొచ్చింది అప్పుడు. చిన్న స్పీకర్లకి కింది స్వరాలు పలకవని చెప్పావే, నా షాపులో పాటలు పెట్టుకుంటానంటే… ఆ, అదే. బేస్ గిటారు పలికేది ఆ కింది స్వరాలేగా! అంటే తప్పు మీ అమ్మదీ కాదు, మీ నాన్నదీ కాదు. ఆయన పాటలో ఉన్నారు, ఇంట్లోకే రాలేకపోయారు! తట్టిందా, ఇంక ఆగుతానా? షాపుకి తాళం వేసి ఒకటే పరుగు.

…

పదంగుళాలదేరా, అప్పుడు నా షాపుకి నువ్వు చెప్పిందే. ముందు పన్నెండంగుళాలది వినిపించాడు షాపువాడు. చెవులతో విన్నానో, ఒంటితో విన్నానో తెలీదు… చొక్కా గుండీలు వణికాయి. ఎగిరి గంతేశాను కూడా. తర్వాత అడిగా, 'బాబూ, ఇందులో ఒక్కో తీగా విడివిడిగా వినబడుతుందా?' అని. వాడు 'బాంబులు బాగా వినబడతాయి సార్' అన్నాడు. బాంబులు నాకెందుకు? మా మావయ్య కావాలి నాకు! అందుకే చిల్లు లేని మూసిన పెట్టె, పదంగుళాలది… మంచిదేగా? మంచిదేనను, నీకు పుణ్యముంటుంది.

అమ్మయ్య.

కలిపేశా. ఒక్కటే వైరు, ఆంప్లిఫయర్ వెనకాల 'సబ్' అని రాసున్న దాంట్లోకి… పెట్టా. మూల ఖాళీగా ఉంది కదాని మూలలో పెట్టా. ఇదిగో, విను…

…

వినబడిందా? ఫోన్లో రాదా? ఎలా ఉందంటే, పక్కింట్లో బీరువా జరుపుతున్నట్టుంది. ఒకటే మోత. మీ నాన్న పేపరు కిందికి దించి, నా వైపు చూసి, మళ్లీ పేపరు పైకెత్తేశారు.

మూల వద్దా? మరెక్కడ?… ఎక్కడ బాగుంటే అక్కడంటే ఎలారా… ఏంటీ?… మళ్లీ చెప్పు. పెట్టెని తీసుకెళ్లి… అత్తయ్య కూర్చునే కుర్చీలో పెట్టాలా? పెట్టి, పాట పెట్టి, నేను గదంతా— పాకాలా?

…

నన్ను ఆట పట్టిస్తున్నావు కదూ? బావని కదాని… ఒట్టు? మీ అక్క మీద ఒట్టెయ్… సరే. సరే. పెట్టె కుర్చీలో ఉన్నప్పుడు ఏ చోట నుంచి వింటే బాగుంటుందో, తర్వాత పెట్టెని ఆ చోట పెడితే కుర్చీలోకి బాగా వినబడుతుంది. తిరగేయడమన్నమాట. ఆ, బుర్రకెక్కింది. చెవి కింద ఉండాలి కాబట్టి పాకాలి. ఒరేయ్, మీ ఇంటి అల్లుణ్ణిరా నేను!

ఉండు, ఫోన్ స్పీకర్లో పెడుతున్నా… అత్తయ్యా, ఒక్కసారి లేస్తారా? కుర్చీ కావాలి… నాకు కాదండీ, దీనికి… అవునండీ, ఇది కూర్చుంటుంది… అయ్యయ్యో, శాశ్వతంగా కాదు, పది నిమిషాలు.

విన్నావా? 'నేను నిలబడాలి, పెట్టె కూర్చోవాలా' అంటోంది. లేచిందిలే. లేచి, దిండు కూడా సర్ది పెట్టింది దానికి… మీ అమ్మ మనసు వెన్నరా, మాటే కొంచెం…

ఆ, పాట పెట్టా. మిగతా స్పీకర్లు ఆపేశా, సబ్ ఒక్కటే. పాకుతున్నా… కిటికీ దగ్గర— ఏం లేదు. మంచం పక్కన— బీరువా మోత. తలుపు దగ్గర— ఇక్కడ మరీ పల్చగా… చెప్పుల దగ్గర— ఇక్కడ బేస్ కన్నా వాసన ఎక్కువుంది…

అబ్బా!

…ఏం లేదు, ఏం లేదు. తల తగిలింది. ఎవరికా? మీ నాన్నకి! ఈయనెప్పుడు దిగారు నేల మీదికి? మావయ్యగారూ, మీరెందుకండీ మోకాళ్లు నొప్పులతో… 'నీకేం తెలుస్తుందయ్యా, జరుగు' అంటున్నారు. ఇప్పుడు ఇద్దరం పాకుతున్నాం. నేను ఎడమ గోడ, ఆయన కుడి గోడ. ఒరేయ్, నువ్వు చూడాల్సిన సీనురా ఇది! డెబ్భయ్యేళ్లాయన నేలకి చెవి ఆనించి…

అత్తయ్య అడుగుతోంది, ఇద్దరూ ఏం పారేసుకున్నారని.

…

మీ నాన్న ఏమన్నారో విన్నావా? 'అల్లుడూ, మీ అత్తయ్యతో చెప్పు, నలభై ఏళ్లు పారేసుకున్నానని.'

 అత్తయ్య చీర కొంగు సర్దుకుని అటు తిరిగి నిలబడింది.  పాకుతున్నా… ఊఁ… మాట్లాడు, ఏదోటి మాట్లాడరా నువ్వైనా.

ఉండుండు. మీ నాన్న ఆగారు. చెయ్యెత్తారు. 'ఇక్కడ' అంటున్నారు… ఉండు, నేనూ వెళ్లి… ఓహో… ఓహోహో! ఒరేయ్, ఇక్కడ మోత లేదురా! ఇక్కడ— అడుగులు! ఎవరో పక్కన నడుస్తున్నట్టు, ఒక్కో అడుగూ విడిగా! ఎక్కడనుకున్నావ్? చెప్పుకో…

టైపు మిషను స్టాండు కింద.

అవును. అదే. మీ అమ్మ టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్ మూసేసినప్పుడు తెచ్చుకుందే, ఆ మిషను… నాకు తెలీదా, దుమ్ము దులపడానికి కూడా ఎవర్నీ ముట్టనివ్వదుగా. పోయినేడాది మీ అక్క దాని మీద ఫ్లవర్ వాజ్ పెట్టినందుకు రెండ్రోజులు ఇంట్లో కర్ఫ్యూ… మరిప్పుడు ఆ చోటే కావాలి. ఏం చెయ్యమంటావ్?… నువ్వడుగు!… నేనా? నేనడగను. నాకు పిల్లలున్నారు.

పక్కకి అంటే, పక్కన మళ్లీ బీరువా మోతే. మీ నాన్న కూడా 'వద్దులే అల్లుడూ, దాన్ని కదపొద్దు, ఇంకోచోట చూద్దాం' అంటున్నా—

ష్… ఆగు.

…

అత్తయ్య వచ్చింది. గుడ్డ తీసింది. మిషన్ని రెండు చేతులా ఎత్తుతోంది… నేను పట్టుకుంటానండీ… వద్దంట. తనే తీసుకెళ్లి భోజనాల బల్ల మీద పెట్టింది. మళ్లీ వచ్చి స్టాండు కూడా లాగేసింది. 'పెట్టు బాబూ, ఐదు కావస్తోంది' అంది నాతో.

బామ్మర్దీ… ఆవిడకీ గిటారు పోవడం ఇష్టం లేదురా.

సరే సరే, పనిలోకి వద్దాం. పెట్టేశా. అత్తయ్య కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు అన్ని స్పీకర్లూ కలిపి… పాట పెట్టా… ఆ… ఆఁ?

ఒరేయ్. పోయింది.

…బేస్ పోయిందిరా! ఇందాక సబ్ ఒక్కటే ఉన్నప్పుడు బ్రహ్మాండంగా ఉంది. అన్నీ కలిపితే— అసలు లేదు. శబ్దం పెంచుతున్నా… ఎంత పెంచితే అంత పోతోంది! ఇదేం మాయరా? వైరు ఊడలేదు. లైటు వెలుగుతోంది. కింది స్వరాల నాబ్ ఎనభై దగ్గరే పెట్టా, నువ్వు చెప్పినట్టే… అత్తయ్యా, ఏమన్నా వినబడుతోందా?… 'ఫ్లూటు' అంది.

అయిపోయిందిరా. మీ నాన్న లేచారు. మోకాళ్లు దులుపుకుని, 'చాల్లే అల్లుడూ, నా కోసం చాలా కష్టపడ్డావు' అన్నారు. గుమ్మం దగ్గరికెళ్లి గిటారు సంచి భుజానికి తగిలించుకుంటున్నారు. కిందికెళ్లి మాస్టారు కోసం అక్కడే నిలబడతారంట… మావయ్యగారూ, ఒక్క ఐదు నిమిషాలు! ఒక్క ఐదు నిమిషాలండీ! మీ అబ్బాయి లైన్లో ఉన్నాడు, సౌండు ఇంజినీరు, హాళ్లు హాళ్లు బాగుచేసినవాడు… ఒరేయ్, ఏదోటి చెప్పరా!

…

వెనకాల? చిన్న స్విచ్చి… ఉంది. ఒకవైపు సున్నా, ఒకవైపు నూట ఎనభై. ఏంటది?… ఊఁ… అంటే, ముందు స్పీకర్లు గాలిని ఇటు తోస్తుంటే, ఇది అటు లాక్కుంటోందా? అదే సమయానికి? అందుకని రెండూ కలిస్తే సున్నా… ఓరి నీ! అచ్చం మీ అమ్మానాన్నల్లాగే ఉన్నాయి కదరా ఇవి కూడా!

తిప్పాలా? ఎటు మంచిదో తెలీదా? వినేవాళ్లే చెప్పాలా?… ఓస్, అంతేనా! అయితే ఇంక నువ్వు నోరు మూసుకో. ఇది నా విద్య. పాతికేళ్లుగా కళ్లద్దాల షాపులో నేను పొద్దున్నుంచి సాయంత్రం దాకా చేసే పని ఇదే కదరా!

అత్తయ్యా, సర్దుకుని కూర్చోండి. కళ్లు మూసుకోండి. భయమేం లేదు, అక్షరాలు చదవమననులెండి. పాట నడుస్తుంది. నేను మారుస్తుంటా. మీరు ఏది బాగుందో చెప్పండి, అంతే. ఒకటి… ఇది ఒకటి. ఇప్పుడు… రెండు. ఒకటా? రెండా?

మళ్లీ చూపిస్తా. ఇది ఒకటి… ఇది రెండు.

…

'రెండు' అంది. వెంటనే అంది!

ఇంకోసారండీ, తొందరేం లేదు. రెండు… ఒకటి… 'రెండు' అంది మళ్లీ! సరే, దీన్నిక్కడ ఆపేస్తున్నా. ఇప్పుడు శబ్దం. కొంచెం పెంచితే బాగుందా… తగ్గిస్తే బాగుందా? ఇలా?… ఇలా?… అత్తయ్యా?

అత్తయ్యా, ఏది బాగుంది?

…



కళ్లు మూసుకునే ఉంది. కుర్చీ చేతి మీద వేళ్లు కదుపుతోంది, మెల్లగా… నాకూ వినబడుతోంది బామ్మర్దీ. నాకూ! పాట కింద, ఇదిగో, పాడేవాడు ఎటు పోతే అటు, వాణ్ణి పడనివ్వకుండా… అసలు ఈ పాటంతా మీ నాన్న మీద నిలబడి ఉందిరా! ఇన్నేళ్లు ఏం విన్నాం మనం? ఏం విని నవ్వాం?

ఆగు, పాట అయిపోయింది.

'మళ్లీ పెట్టు' అంది.

…

మీ నాన్న అక్కడే నిలబడ్డారు. గిటారు భుజాన్నే ఉంది. వెళ్లట్లేదు, లోపలికి రావట్లేదు. పరీక్ష రాసినవాడు మార్కుల కోసం నిలబడ్డట్టు నిలబడ్డారు… 'మళ్లీ పెట్టు' అంది. మూడోసారి. ఇంకా కళ్లు తెరవలేదు.

నాకు గుండె దడదడలాడుతోందిరా… సబ్‌వూఫర్ది కాదు, నాదే.

…

ఆపమంటోంది! ఆపా. కొంచెం వెనక్కి… ఇక్కడా అత్తయ్యా?… ఇంకొంచెం… ఇక్కడ. ఆ. పెడుతున్నా.

…

కళ్లు తెరిచింది. మీ నాన్న వైపు తిరిగింది. ఏమందో తెలుసా?… ఉండు, నన్ను సరిగ్గా చెప్పనీ… టైపు నేర్చుకునే పిల్లలకి చెప్పినట్టే, 'రెండో చరణం చివర, ఇక్కడ, పక్క మీట నొక్కారు మీరు. తప్పు పడింది' అంది!

…

నేనూ అదే అనుకున్నా! అయిపోయిందిరా, ఉన్నదీ ఊడింది అనుకున్నా. పది రోజులకి నోరు విప్పి నేరుగా అన్న మొదటి మాట అదా అని… మీ నాన్న మొహం తెల్లబోయింది. సంచి కింద పెట్టేశారు. గోడ పట్టుకున్నారు. నేను పరిగెత్తబోయాను, నీళ్లు తేవడానికి… ఉండు, ఆయన ఏదో అంటున్నారు…

…

నవ్వుతున్నారురా. ఏడుస్తున్నారు కూడా. రెండూను. 'దొరికిపోయాను అల్లుడూ, దొరికిపోయాను!' అంటున్నారు.

నిజంగానే తప్పు వాయించారంటరా! ఆ రోజు అది ఆఖరి టేకంట, అరవై మంది వాయిద్యాలవాళ్లంట, వేలు జారి పక్క స్వరం మీద పడిందంట. ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నారంట, ఇప్పుడు తిడతారు, ఇప్పుడు తిడతారని. ఎవరూ ఏమనలేదంట. సంగీతం చేసినాయన కూడా. రికార్డు బయటికొచ్చింది, ఊరూరా పాడుకున్నారు, ఒక్కరంటే ఒక్కరు పట్టుకోలేదు. ముందు బతికిపోయాననుకున్నారంట. తర్వాత తర్వాత… 'ఎవరూ పట్టుకోలేదంటే, ఎవరూ విననట్టే కదా అల్లుడూ' అంటున్నారు.

…ఉన్నావా? వింటున్నావా?

ఇప్పుడు అటు చూడలేకపోతున్నా. కుర్చీ దగ్గర కింద కూర్చున్నారు ఆయన. 'ఎలా పట్టుకున్నావే?' అంటున్నారు. నాతో కాదురా. నేరుగా ఆవిడతోనే! నా పోస్టుమాన్ ఉద్యోగం ఊడిందిరోయ్! అత్తయ్యేమో, 'మరి వినబడితే పట్టుకోనూ? ఇన్నాళ్లూ ఎక్కడ దాక్కున్నారు?' అంటూ ఆయన జుట్టుకి అంటిన దుమ్ము దులుపుతోంది. పాకారు కదా…

బెల్లు.

బెల్లు మోగిందిరా! ఐదు! మాస్టారు! నేను తీస్తా… అత్తయ్యే లేచింది. మీ నాన్నని కూర్చోమని సైగ చేసింది. తలుపు తీసింది. గిటారు సంచి ఎత్తి చేత్తో పట్టుకుంది… ఇచ్చేస్తుందేంట్రా? ఇచ్చేస్తే?… ష్, ష్, విను…

…

విన్నావా? వినలేదా?… అయ్యో, ఉండు, నవ్వు ఆగట్లేదు… ఆవిడ ఆ మాస్టారుతో ఏమందో తెలుసా… 'శ్రమపడి వచ్చారు, ఏమీ అనుకోకండి. ఈ గిటారు ఇవ్వడం కుదరదు. ఆయనింకా తప్పులు లేకుండా నేర్చుకోలేదు' అంది!

…

ఒరేయ్… ఒరేయ్, ఏడుస్తున్నావా? నిచ్చెన ఎక్కబోకు ఇప్పుడు… జలుబా? సరే, జలుబే. ఆ జలుబుతోనే ఇటు వచ్చెయ్, పనయ్యాక. నువ్వూ ఎప్పుడూ వినలేదుగా మీ నాన్నని… ఆ, మాస్టారు పోలేదు, ఆయన్నీ లోపలికి రమ్మంది, నాలుగోసారి పెట్టమంటున్నారు అందరూ… వస్తున్నానండీ!… ఫోన్ పెట్టేస్తున్నా బామ్మర్దీ. తొందరగా రా, పెట్టె పక్కన నీకు చోటు ఆపుతా.